ఆన్‌లైన్ గేముల్లో అవతలివాణ్ణి పీక్కుతినేవాళ్ళకి అసలు ఏమొస్తుంది?

నిద్రలేని_సపోర్ట్ | సోమవారం, రాత్రి 1:40

ఏడుపుగొట్టు పోస్ట్ అనుకోకండి, నిజంగానే అర్థంకాక అడుగుతున్నా. నేను ఏ గేమ్‌లో అయినా హీలర్‌గానే (టీమ్‌వాళ్ళ దెబ్బలు మాన్పే పాత్ర) ఆడతా, పేరు రాకపోయినా ఆ పని నాకిష్టం. శుక్రవారం రాత్రి ర్యాంక్డ్ మ్యాచ్, అంటే గెలుపోటముల్ని బట్టి ర్యాంక్ మారేది. టీమ్‌లో ఐదుగురం, ఒకళ్ళకొకళ్ళం తెలీదు. మూడో నిమిషంలో మా ట్యాంక్ (ముందుండి దెబ్బలు కాచేవాడు) ఒక్కడే ముగ్గురి మీదకి ఉరికాడు, నేనింకా గోడ వెనకే ఉన్నా, హీల్ అందలేదు, చచ్చాడు. అంతే.

అక్కణ్ణుంచి 20 నిమిషాలు వాడు ఆట మానేసి నా వెంట పడ్డాడు. మాటవరసకి కాదు, నిజంగానే వెంట పడ్డాడు. నేను గదిలోకి వెళ్తే గుమ్మానికి అడ్డంగా తన క్యారెక్టర్‌ని నిలబెట్టి బయటికి రానివ్వడు. ఎక్కడ నిలబడితే అక్కడ ప్రశ్నార్థకం పింగ్ (మాట్లాడకుండా టీమ్‌కి ఇచ్చే చప్పుడు సైగ) కొడుతూనే ఉన్నాడు, హెడ్‌ఫోన్స్‌లో టుంగ్ టుంగ్ టుంగ్ అని ఒకటే మోత. చాట్‌లో రాసినవి ఇక్కడ రాయలేను, మా అమ్మ దాకా వెళ్ళాడు.

మ్యాచ్ అయ్యాక వాడి దగ్గర్నుంచే ఫ్రెండ్ రిక్వెస్ట్. సారీ చెప్తాడేమో అనుకుని యాక్సెప్ట్ చేశా (నవ్వకండి). మ్యాచ్‌లో మిగిలిపోయిన తిట్లు పూర్తి చెయ్యడానికట! వరసగా నాలుగు మెసేజ్‌లు. నేను జవాబివ్వలేదు. కానీ మూడు రోజులైంది, స్నానం చేస్తూ కూడా మనసులో వాడికి సమాధానాలు చెప్పుకుంటున్నా.

మిగతా ముగ్గురూ బాగానే ఆడుతున్నారు, వాడు కూడా ఆడి ఉంటే గెలిచేవాళ్ళం. వాడికి కావాల్సింది గెలుపే అయితే అలా చెయ్యడు కదా. మరి ఏం కావాలి వాడికి?

పింగ్_999 | రాత్రి 1:52

రాత్రి ఒంటిగంటకి, తెలియనివాళ్ళతో, ర్యాంక్డ్, అందులోనూ హీలర్. కొరివితో తల గోక్కున్నావ్ బ్రో.

సీరియస్‌గా చెప్పాలంటే ఇది ఆడలేక మద్దెల ఓడు అనే పాత జబ్బే. కాకపోతే ర్యాంక్డ్‌లో దానికో లెక్క ఉంది. మ్యాచ్‌మేకింగ్ మన స్థాయి వాళ్ళనే వెతికి ఎదురు పెడుతుంది, అంటే ఎంత బాగా ఆడినా కొన్నాళ్ళకి సగం గెలుపు సగం ఓటమి దగ్గర ఆగిపోతాం. ఇప్పుడు మీ ట్యాంక్ లాంటివాడు 'నేనుండాల్సింది పైన డైమండ్ ర్యాంక్‌లో, ఖర్మకాలి కింద గోల్డ్‌లో ఉన్నా' అని గట్టిగా నమ్ముతాడనుకో. ఓడిన ప్రతి మ్యాచ్‌కీ వాడికొక దోషి కావాలి, లేకపోతే ఆ నమ్మకం నిలబడదు. చదరంగంలో ఓడితే ఎదురుగా అద్దమే. ఇక్కడ నలుగురు దొరుకుతారు. ఆ నలుగురిలో హీలర్ మరీ సులువు, ఎందుకంటే 'నువ్వు బతికించలేదు' అని వేలెత్తి చూపించొచ్చు.

సూటిగా | ఉదయం 7:15

నాకు వేరే అభిప్రాయం ఉంది, తిట్టుకోండి. పోటీ ఉన్నచోట నోరు కూడా ఉంటుంది. మైదానంలో ఆడేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కవ్వించుకోరా? నేను పదిహేనేళ్ళుగా షూటర్లు ఆడుతున్నా, తిన్నా, పెట్టా, ఎవరూ చావలేదు. మ్యూట్ బటన్ అని ఒకటుంది, నొక్కితే రెండు సెకన్ల పని. తమ్ముడు 20 నిమిషాలు వింటూ ఎందుకు కూర్చున్నాడో అది నాకు అర్థం కాలేదు.

నిద్రలేని_సపోర్ట్ | ఉదయం 8:02

చాట్ మ్యూట్ చేశానన్నా, అయిదో నిమిషంలోనే. పింగ్‌లు మ్యూట్ చెయ్యడం వేరే మెనూలో ఉందని తర్వాత తెలిసింది. గుమ్మంలో నిలబడితే దానికి మ్యూట్ లేదు.

మ్యూట్‌లో_ఉన్నా | ఉదయం 9:30

సూటిగా గారూ, ఒక చిన్న తేడా చెప్తాను. మైదానంలో కవ్వింపు అవతలి జట్టు వాళ్ళు చేస్తారు, అంపైర్ పక్కనే ఉంటాడు, ఆట అయ్యాక చేతులు కలుపుతారు. ఈ తమ్ముణ్ణి వేధించింది సొంత టీమ్ వాడు, అంపైర్ లేడు, ఆట అయిపోయాక కూడా ఇంటి దాకా వచ్చాడు. ఇది కవ్వింపు ఎలా అవుతుంది?

ఇక మ్యూట్ సంగతి. నేను ఆరేళ్ళుగా ఆడుతున్నా, నాలుగేళ్ళుగా మైక్ ఆన్ చెయ్యలేదు. మైక్ పెట్టిన రోజుల్లో ఏం జరిగేదంటే, 'లెఫ్ట్‌లో ఇద్దరు' అని ఒక్క ముక్క అంటాను, మూడు సెకన్లు అందరూ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఏంటో ఆడపిల్లలకి బాగా తెలుసు. తర్వాత ఎవడో ఒకడు 'ఓ, అమ్మాయా' అంటాడు. అక్కణ్ణుంచి బాగా ఆడితే 'బాయ్‌ఫ్రెండ్ ఆడుతున్నాడా', బాగా ఆడకపోతే ఇంకేముంది, చెప్పక్కర్లేదు. ఒకసారి ఒకడు తుపాకీ కింద పడేసి నా క్యారెక్టర్ చుట్టూ గంతులేస్తూ కూర్చున్నాడు రౌండ్ మొత్తం. ఇప్పుడు పింగ్‌లతో నెట్టుకొస్తున్నా. శత్రువు మెట్లెక్కుతున్న చప్పుడు నాకు వినిపిస్తుంది, టీమ్‌కి చెప్పలేను. అంటే మ్యూట్ శిక్ష ఎవరికి పడినట్టు?

ఇది నా ఒక్కదాని గోల కాదు. 2013లో జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సే రోజ్ అనే ఇద్దరు పరిశోధకులు హేలో 3 అనే షూటింగ్ గేమ్‌లో ముందే రికార్డు చేసిన మాటలు వినిపిస్తూ ఆడి చూశారు. మాటలు అవే, ఒకసారి మగ గొంతు, ఒకసారి ఆడ గొంతు. ఆడ గొంతుకి మూడు రెట్లు ఎక్కువ తిట్లు పడ్డాయి. 2015లో అదే సమాచారాన్ని కుజ్నెకాఫ్, మైకేల్ కసుమోవిక్‌తో కలిసి మళ్ళీ చూస్తే ఇంకో ముచ్చట బయటపడింది. ఆడ గొంతు మీద ఎక్కువ ఎగబడింది ఆట తక్కువ వచ్చినవాళ్ళు. బాగా ఆడేవాళ్ళు మర్యాదగానే ఉన్నారు. ఆ చేతకానివాళ్ళే మగ గొంతు ముందు మాత్రం తోక ముడిచారు. కింద పడతానన్న భయం ఉన్నవాడికి తనకన్నా కింద ఒకరు కావాలి, అంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదనుకుంటా ఇందులో.

పాత_కీబోర్డు | ఉదయం 11:10

అమ్మాయి చెప్పింది బాగుంది. నేను వయసులో మీకందరికీ పెద్దవాణ్ణి, కాస్త పాత పురాణం చెప్తా, ఓపికుంటే చదవండి.

ఇది హెడ్‌సెట్‌లతో వచ్చిన రోగం కాదు. బొమ్మలే లేని రోజుల్లో, అక్షరాలతో ఆడే మడ్ ఆటల్లోనే ఇది మొదలైంది. మొదటి మడ్‌ని 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ తయారుచేశారు. ఆ బార్టిలే 1996లో ఆటగాళ్ళని నాలుగు రకాలుగా విడదీశాడు. సాధించేవాళ్ళు, తిరిగి చూసేవాళ్ళు, కబుర్ల కోసం వచ్చేవాళ్ళు, నాలుగోది అవతలివాళ్ళ మీద పడేవాళ్ళు. ఈ నాలుగో రకానికి ఆటలో దొరికే బంగారం, పాయింట్లు పెద్దగా అక్కర్లేదు. ఎదురుగా ఉన్నది నిజం మనిషి, వాడికి నిజంగా మండుతుంది, అదే వాళ్ళ బహుమతి. తమ్ముడి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది. వాడు గెలుపు వదులుకోలేదు, వాడి ఆట వేరు, ఆ ఆటలో వాడు 20 నిమిషాలూ గెలుస్తూనే ఉన్నాడు.

1997లో అల్టిమా ఆన్‌లైన్ వచ్చింది. అందులో ఎవరు ఎవర్నైనా చంపి దోచుకోవచ్చు. ఊరి బయట గనిలో రాళ్ళు కొట్టుకుంటున్న కొత్తవాణ్ణి చంపితే దొరికేది నాలుగు ఇనుప ముక్కలు, అయినా గుంపులుగా కాపు కాసేవాళ్ళు. తయారుచేసినవాళ్ళు ఏవేవో శిక్షలు పెట్టి చూశారు, చివరికి 2000లో లోకాన్నే రెండుగా చీల్చారు, ఒకదాంట్లో చంపుకోవచ్చు, రెండోదాంట్లో ఒప్పుకోకుండా చంపడం కుదరదు. జనం ఎక్కువగా రెండోదానికే తరలిపోయారు. కొత్తవాళ్ళు కరువయ్యేసరికి 'ఆట చచ్చిపోయింది' అని వేటగాళ్ళు ఏడ్చారు. వేటగాడితో సమానంగా పోట్లాడేవాళ్ళు అక్కడ మిగిలే ఉన్నారు. వాళ్ళతో పోరాడొచ్చుగా! అది మాత్రం సరదాగా అనిపించలేదట.

సూటిగా | మధ్యాహ్నం 12:20

పెద్దాయనా, చంపడం వేరు వేధించడం వేరు. రూల్ ఒప్పుకున్నది చేస్తే తప్పెలా అవుతుంది? 2006లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక గుంపు, చనిపోయిన స్నేహితురాలి కోసం ఆటలోనే సంతాపసభ పెట్టుకుంటే ఇంకో గిల్డ్ వచ్చి అందర్నీ నరికేసింది. వీడియో కూడా వదిలింది. అది ఎవరు ఎవర్నైనా కొట్టుకోగలిగే సర్వర్, వీళ్ళు సభ ఎక్కడో ముందే ప్రకటించారు కూడా. నా దృష్టిలో అది తెలివితక్కువతనం, అవతలివాళ్ళ నేరం కాదు.

పాత_కీబోర్డు | మధ్యాహ్నం 12:41

రూల్ తప్పలేదు బాబూ. కానీ నువ్వు ఆ రోజు అక్కడ ఉండి ఉంటే కత్తి తీసేవాడివా? తియ్యవని నాకు తెలుసు, ఇన్నేళ్ళుగా నీ పోస్టులు చదువుతున్నా. రూల్ ఒప్పుకున్నా నువ్వు చెయ్యని పని ఒకటుంది చూశావా, మనం మాట్లాడుతున్నది దాని గురించే.

రెండో_ఖాతా | మధ్యాహ్నం 2:05

అసలు ఖాతాతో రాయడం ఇష్టం లేక దీంతో వచ్చా. నేను చేసేవాణ్ణి. దాదాపు రెండేళ్ళు.

ముందే ఒకటి చెప్తా, అందరూ అనుకునేట్టు నాకు ఇంట్లో గొడవల్లేవు, చదువులో దెబ్బతినలేదు, ఎవరూ నన్ను ఏడిపించలేదు. బాగా ఆడతా. అసలు ర్యాంక్‌లో పోటీ కష్టంగా ఉంటుందని కొత్త ఖాతా తెరిచి కింది ర్యాంక్‌లో దిగేవాణ్ణి, మేం నలుగురం. కొత్తవాళ్ళు పుట్టేచోట నిలబడి, లేచినవాణ్ణి లేచినట్టు కాల్చడం. అది కూడా కొన్ని రోజులకి బోర్ కొట్టింది. అప్పుడు చాట్ మొదలుపెట్టాం. ఒకణ్ణి ఎంచుకుని ఏదో ఒకటి అంటాం. వాడు జవాబు టైప్ చెయ్యడానికి ఆగుతాడు, క్యారెక్టర్ కదలకుండా నిలబడిపోతుంది. ఆ నిలబడిపోవడం ఉంది చూశారా, అదీ కిక్కు. తగిలిందని తెలిసిపోతుంది. వాడు ఎంత పొడుగు జవాబు రాస్తే మాకంత పండగ, స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూప్‌లో పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం. పిల్లికి చెలగాటం అంటారే, అదే. ఎలుక సంగతి మాకు గుర్తే రాదు.

ఎవణ్ణి ఎంచుకుంటామో కూడా చెప్తా. తిరిగి తిట్టేవాణ్ణి కాదు, వాడితో సరదా తొందరగా అయిపోతుంది. 'ఎందుకలా అంటున్నావ్, నేనేం చేశాను' అని అడిగేవాణ్ణి.

ఎందుకు మానేశానంటే, మంచివాణ్ణయిపోయి కాదు. మా నలుగురిలో ఇద్దరు ఉద్యోగాల్లో పడ్డారు, ఒకడు ఆట మార్చేశాడు. ఒక్కణ్ణే ఒకరాత్రి అలాగే ఒకణ్ణి ఏడిపించా, స్క్రీన్‌షాట్ తీశా, పంపడానికి ఎవరూ లేరు. దాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నా. చప్పగా ఉంది. అంతే, ఆ తర్వాత చెయ్యాలనిపించలేదు.

మ్యూట్‌లో_ఉన్నా | మధ్యాహ్నం 2:30

చదువుతుంటే ఒళ్ళు మండింది. కానీ నిజం రాసినందుకు ఏమీ అనలేకపోతున్నా.

నాన్న_గేమర్ | సాయంత్రం 5:45

మా వాడికి పన్నెండేళ్ళు. మొన్న గెలవగానే చాట్‌లో 'ఈజీ' అని కొట్టాడు. నిజానికి ఆ మ్యాచ్ చచ్చీచెడీ చివరి పాయింట్‌లో గెలిచారు, వాడి అరచేతులు చెమటతో తడిసిపోయి ఉన్నాయి, నేను పక్కనే ఉన్నా. ఈజీ ఎక్కడరా, ఎందుకలా రాశావ్ అంటే 'గెలిస్తే అదే రాస్తారు నాన్నా' అన్నాడు, నమస్కారం ఎందుకు పెడతారు అని అడిగినట్టు చూశాడు నన్ను. వాడికి అందులో తిట్టు కనపడటం లేదు. అక్కడి భాష అనుకుంటున్నాడు.

ఓవర్‌వాచ్ గేమ్‌లో 'జీజీ ఈజీ' (మంచి ఆట, సులువుగా గెలిచాం అనే ఎగతాళి) అని టైప్ చేస్తే అది కనపడకుండా, దాని బదులు 'నా నిద్రపోయే టైం దాటిపోయింది, అమ్మకి చెప్పకండి' లాంటి వాక్యం వచ్చేట్టు పెట్టారు. తిట్టబోయినవాడే నవ్వులపాలు. మావాడికి చూపిస్తే పడీపడీ నవ్వాడు. నేను పీకిన లెక్చర్ కన్నా అదే బాగా పనిచేసింది.

కోడ్_కూలీ | సాయంత్రం 6:30

నేను గేమ్ సర్వర్ల పని చేస్తా, ఎక్కడ అని అడక్కండి. రెండో_ఖాతా లాంటివాళ్ళు ఉంటారు, కాదనను. 2014లో బకెల్స్, ట్రాప్‌నెల్, పాల్హస్ అనే మనస్తత్వ పరిశోధకులు నెట్‌లో ట్రోల్ చెయ్యడాన్ని ఇష్టపడేవాళ్ళని పరిశీలిస్తే, ఇంకొకరి బాధలో సంతోషం వెతుక్కునే గుణంతో దానికి గట్టి సంబంధం కనిపించింది. కానీ మొత్తం కంపునీ వాళ్ళ ఖాతాలో వెయ్యడం కుదరదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ తయారుచేసిన రయట్ ఇదే లెక్క తీసింది. ఎప్పుడూ వేధించేవాళ్ళు చాలా తక్కువమంది, గేమ్‌లో జరిగే చెడులో వాళ్ళ వాటా కూడా చిన్నదే. పెద్ద వాటా మామూలుగా బాగానే ఉండి, ఒక్కోరోజు అదుపు తప్పేవాళ్ళది. అత్త మీది కోపం దుత్త మీద. ఒక మ్యాచ్‌లో తిట్లు తిన్నవాడు ఆ చిరాకుతోనే ఇంకో మ్యాచ్‌కి వెళ్తాడు, అలా అంటుకుంటూ పోతుంది.

ఆటలకి సంబంధించింది కాకపోయినా ఇంకో ప్రయోగం చెప్తా. 2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ వాళ్ళు జనానికి ముందు ఒక పరీక్ష పెట్టారు, కొందరికి సులువుది, కొందరికి కావాలని కష్టమైనది. తర్వాత ఒక వార్త చదివించి కామెంట్ రాయమన్నారు. సులువు పరీక్ష రాసి, పైన మామూలు కామెంట్లు చూసినవాళ్ళలో 35 శాతం మంది వెకిలిగా రాశారు. కష్టం పరీక్షతో మూడ్ పాడై, పైన అప్పటికే వెకిలి కామెంట్లు చూసినవాళ్ళలో అది 68 శాతం. మనుషులు ఒకలాంటివాళ్ళే, మారింది మూడ్, చుట్టూ వాతావరణం. ర్యాంక్డ్‌లో వరసగా మూడు ఓడి, చాట్ తెరవగానే తిట్లు కనపడితే మీరు ఏ గుంపులో ఉన్నట్టు?

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ జర్నీ అనే 2012 గేమ్. ఎడారిలో ఇద్దరు తెలియనివాళ్ళు కలిసి నడుస్తారు, పేర్లుండవు, మాటలుండవు. తయారీలో ఉండగా ఒకళ్ళనొకళ్ళు ఆసరాగా తోసుకుంటూ ఎత్తులు ఎక్కాలని శరీరాలు తగిలేట్టు పెట్టారు. జరిగిందేంటంటే ఆడినవాళ్ళు పక్కవాణ్ణి ప్రమాదంలోకి తోసి ఆనందించారు. డిజైనర్ జెనోవా చెన్ మనుషుల మీద నమ్మకం పోయి ఒక పిల్లల మానసిక నిపుణురాలిని అడిగితే, కొత్తచోట పడ్డ మనిషి పసిపిల్లాడి లాంటివాడే, ఏది చేస్తే ఎక్కువ స్పందన వస్తుందో అదే చేస్తాడు అందట. తోస్తే పెద్ద చప్పుడు, యానిమేషన్, అవతలివాడు చావడం, ఇంతకన్నా స్పందన ఇంకేముంటుంది! వాళ్ళు తోసుకోవడం తీసేసి, దగ్గరికొస్తే ఇద్దరికీ శక్తి పెరిగేట్టు పెట్టారు. అదే మనుషులు అతుక్కుని నడవడం మొదలుపెట్టారు.

గుమ్మానికి అడ్డం నిలబడ్డవాడు చెడ్డవాడే, కానీ అడ్డం నిలబడగలగడం అనేది ఎవరో నాలాంటివాడు రాసిన కోడ్. ఆ పింగ్‌కి ఆ మోత పెట్టింది కూడా మేమే. ఒక్కడు నిమిషంలో ఎన్ని పింగ్‌లు కొట్టొచ్చో పరిమితి పెట్టడం ఏమంత పెద్ద పని కాదు.

పింగ్_999 | సాయంత్రం 6:44

నా పేరు జోలికి రాకండి సార్.

సూటిగా | రాత్రి 8:10

ఇన్ని పరిశోధనలెందుకు? అసలు పేరుతో, గుర్తింపు కార్డుతో లాగిన్ పెట్టండి, ఒక్కడు నోరెత్తడు. ముసుగు ఉంది కాబట్టే ఈ గుద్దులాట.

కోడ్_కూలీ | రాత్రి 8:35

ముసుగు ఒక కారణమే, కాదనను. మనస్తత్వవేత్త జాన్ సూలర్ 2004లో రాసింది అదే, పేరు తెలియదు, మొహం కనపడదు, నా మాటకి అవతలివాడి మొహం ఎలా మారిందో నాకు తెలియదు, పట్టుకునేవాడు లేడు, ఇవన్నీ కలిసి నోటికున్న కళ్ళెం తీసేస్తాయని. కానీ అసలు పేరు మందు కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తయారుచేసిన బ్లిజార్డ్ 2010లో తన చర్చావేదికల్లో అసలు పేర్లే కనపడాలని ప్రకటించింది. ఏం కాదు చూడండని ఒక ఉద్యోగి తన పేరు బయటపెడితే కాసేపట్లోనే జనం ఆయన వ్యక్తిగత వివరాలన్నీ తవ్వి పోశారు. కొన్ని రోజులకే కంపెనీ వెనక్కి తగ్గింది. దక్షిణ కొరియా 2007 నుంచి పెద్ద సైట్లలో గుర్తింపు తప్పనిసరి చేసి చూసింది, 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది.

మ్యూట్‌లో_ఉన్నా | రాత్రి 8:50

నా అసలు పేరు కనపడితే నన్ను వేధించేవాడికి నేను ఎక్కడ చదివానో కూడా దొరుకుతుంది. ఆయన చెప్పిన మందు వేధించేవాడి చేతికి ఆయుధం ఇవ్వడమే. 2017 డిసెంబర్‌లో కాల్ ఆఫ్ డ్యూటీలో చిన్న పందెం మీద ఇద్దరు గొడవపడి, ఒకడు ఇచ్చిన తప్పుడు అడ్రస్‌కి రెండోవాడు ఇంకొకడి చేత దొంగ ఫోన్ చేయించి పోలీసుల్ని పంపించాడు. అమెరికాలో, విచిటాలో. ఆ ఇంట్లో ఉన్న మనిషికి ఆ ఆటతో సంబంధమే లేదు, గుమ్మంలోకి వచ్చి పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఫోన్ చేసినవాడికి 20 ఏళ్ళ జైలు పడింది. పందెం రెండు డాలర్లు కూడా లేదు. అడ్రస్ తెలిస్తే ఏమవుతుందో అది.

సూటిగా | రాత్రి 11:20

[ఈ పోస్ట్‌ని కాపలాదారు తొలగించారు]

కాపలాదారు (మోడరేటర్) | రాత్రి 11:31

సూటిగా గారూ, అభిప్రాయం ఎంత గట్టిగానైనా చెప్పండి, అవతలి సభ్యురాలి ఆట మీదా ఆడతనం మీదా మాటలొద్దు. వేధింపు గురించిన చర్చలో కూడా నేను ఈ పని చెయ్యాల్సి రావడం... సరే, వదిలేద్దాం.

వచ్చాను కాబట్టి రెండు మాటలు. నేను ఇక్కడే కాదు, ఒక గేమ్ సర్వర్‌లో కూడా ఫిర్యాదులు చూస్తుంటాను. బ్యాన్ పడ్డవాళ్ళు రాసే ఉత్తరాల్లో 'నేను తిట్టలేదు' అనేవాళ్ళు తక్కువ. నూటికి తొంభైమంది రాసేది 'ముందు వాడే మొదలుపెట్టాడు' అని. చాట్ తీసి చూస్తే ఇద్దరూ నిజంగానే అలా నమ్ముతుంటారు, ఎందుకంటే ఒకడి లెక్క మొదటి తిట్టు దగ్గర మొదలవుతుంది, ఇంకొకడి లెక్క అంతకుముందు పోయిన పాయింట్ దగ్గర. అందుకే ఉత్త 'బ్యాన్ చేశాం' అని కాకుండా, వాళ్ళు రాసిన వాక్యాల్నే కోసి పంపడం మొదలుపెట్టాం. చాలామంది మళ్ళీ రాయరు. ఒకాయన మాత్రం 'ఇది నేను రాశానా' అని అడిగాడు.

నిద్రలేని_సపోర్ట్, మీకు చిన్న సలహా. మ్యాచ్ అయిన గంటలోపు వచ్చే రిక్వెస్ట్ ఏదీ తీసుకోకండి. రిపోర్ట్‌లో 'బూతులు తిట్టాడు' అని కాక ఏ నిమిషంలో ఏం చేశాడో రాయండి, గుమ్మం సంగతి తప్పకుండా రాయండి. చాట్ అయితే వెతికితే దొరుకుతుంది, అడ్డం నిలబడటం రీప్లేలో ఏ నిమిషమో చెప్తే తప్ప మాకు కనపడదు.

సూటిగా | బుధవారం, ఉదయం 7:05

రాత్రి వరసగా నాలుగు ఓడిపోయి వచ్చి టైప్ చేశా. మ్యూట్‌లో_ఉన్నా గారికి సారీ. కోడ్_కూలీ, నవ్వొద్దు.

కోడ్_కూలీ | ఉదయం 7:40

నేనేం అనలేదన్నా. 68 శాతం అని కూడా అనట్లేదు.

మ్యూట్‌లో_ఉన్నా | ఉదయం 8:15

సారీ తీసుకున్నా. పోస్ట్ తీసేసేలోపు చదివేశాను లెండి.

నిద్రలేని_సపోర్ట్ | బుధవారం, రాత్రి 9:10

రెండో_ఖాతా రాసింది చదివాక ఆగలేకపోయా. 'నేనేం చేశాను' అని అడిగేవాణ్ణే ఎంచుకుంటాం అన్నాడు కదా, నేను శుక్రవారం చాట్‌లో అక్షరాలా అదే రాశాను, మూడో నిమిషంలో.

వాడింకా నా ఫ్రెండ్స్ లిస్ట్‌లోనే ఉన్నాడు, తియ్యడం మర్చిపోయా. ఇందాక ఆన్‌లైన్‌లో కనపడ్డాడు. కాపలాదారు గారు తిట్టుకుంటారని తెలిసీ మెసేజ్ పెట్టా. తిట్టలేదు, మర్యాదగానే రాశా, శుక్రవారం అలా ఎందుకు చేశావో నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నా అని. నాలుగుసార్లు చెరిపి రాశా. వాడు టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. జవాబొచ్చింది.

'నువ్వెవరు?'

ఎగతాళి అనుకున్నా. పేరు, మ్యాప్, హీలర్, గుమ్మం అన్నీ చెప్పా. కాసేపాగి 'గుర్తులేదు బ్రో, రోజుకి పది మ్యాచ్‌లు ఆడతా' అన్నాడు. పైన స్క్రోల్ చేస్తే వాడి నాలుగు మెసేజ్‌లూ అలాగే ఉన్నాయి, వాడు చూసే ఉంటాడు, వాటి గురించి ఒక్క ముక్క లేదు. కింద ఇంకోటి పంపాడు, 'హీలర్‌వా? ఒక ప్లేస్ ఖాళీ ఉంది వస్తావా?'

రెండో_ఖాతా | రాత్రి 9:22

అబద్ధం కాకపోవచ్చు. నాకూ ఒక్కడి పేరు కూడా గుర్తులేదు.

పింగ్_999 | రాత్రి 9:25

వెళ్ళావా??

నిద్రలేని_సపోర్ట్ | రాత్రి 9:31

లేదు. డిలీట్ చేశా. రిపోర్ట్ కూడా పెట్టా, 3వ నిమిషం, 7వ నిమిషం, 11 నుంచి 14 దాకా గుమ్మం, అన్నీ రాశా. ఇప్పుడు ఆడే మూడ్ ఉంది కానీ తెలియనివాళ్ళతో వద్దు. ఇక్కణ్ణుంచి ఎవరైనా వస్తారా?

పింగ్_999 | రాత్రి 9:33

నేను రెడీ. పింగ్ నెమ్మదిగా కొడతా, ఒట్టు.

సూటిగా | రాత్రి 9:36

ట్యాంక్ నేను ఆడతా. హీల్ అందకపోతే నోరు మూసుకుని చస్తా.

మ్యూట్‌లో_ఉన్నా | రాత్రి 9:40

నాలుగో ప్లేస్ నాది. మైక్ సంగతి రెండు రౌండ్లయ్యాక చూస్తా.